ఇంటి బడికి చివరి ఆరు వారాలు, చేతిలో ఊలు అల్లిక

ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకొనేవారికి విద్యా సంవత్సరం ముగిసిందని చెప్పే గంట ఎవరూ కొట్టరు. కొన్ని పుస్తకాలు చివరి పేజీలకు వచ్చి ఉంటాయి, కొన్ని సగంలోనే ఉంటాయి, ఒకటో రెండో అట్ట కూడా నలగకుండా అలమరలో ఉంటాయి. సెలవులు వచ్చేలోగా ఇంట్లోవాళ్ళకు తలా ఒకటి అల్లి ఇవ్వాలని ఏడాది మొదట్లో అనుకున్న మాట కూడా సరిగ్గా అప్పుడే గుర్తుకు వస్తుంది. ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డమని చాలామంది అనుకుంటారు గాని, చివరి ఆరు వారాల్లో పెద్దవాళ్ళ పని పాఠం చెప్పడం నుంచి పిల్లలు చెప్పేది వినడంవైపు మళ్ళుతుంది కాబట్టి, నోటికీ చేతులకూ తీరిక దొరికి చెవులు మాత్రమే పనిచేసే ఆ వేళల్లో అల్లిక చక్కగా ఇముడుతుంది. అయితే అది ఇమడాలంటే ముందుగా లెక్క వేసుకోవాలి.

ముందు రెండు లెక్కలు

ఒక కాగితం మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమవైపు మిగిలిన పాఠాలనూ కుడివైపు మిగిలిన అల్లికనూ రాయండి. రెండూ ఒకే కాగితం మీద ఉండటం ముఖ్యం, ఎందుకంటే రెండింటికీ కావలసింది మీ దగ్గరున్న అవే కొద్ది గంటలు.

ఎడమవైపు రాసినవాటిని మూడు రకాలుగా విడదీయాలి. వచ్చే ఏడాది చదువు దేనిమీద నిలబడుతుందో అది మొదటి రకం. భిన్నాలు సరిగ్గా రాని పిల్లలకు శాతాలూ నిష్పత్తులూ కొరుకుడుపడవు కాబట్టి భిన్నాల అధ్యాయం సగంలో ఉంటే దాన్ని పూర్తిచేసి తీరాలి. ఆపడానికి సహజమైన చోటు ఉన్నవి రెండో రకం. చరిత్ర పుస్తకంలో ఒక రాజవంశం కథ ముగిసిన చోట, సైన్సులో ఒక యూనిట్ ముగిసిన చోట నిస్సంకోచంగా ఆపవచ్చు. ఏడాదంతా ఎవరూ ముట్టుకోని పుస్తకాలు మూడో రకం. వాటిని చివరి ఆరు వారాల్లో తెరవవద్దని నా గట్టి అభిప్రాయం. వ్యాకరణ పాఠాల విషయంలో ఎక్కువగా దిగులుపడనక్కరలేదు, ఎందుకంటే అవే విషయాలు కొంచెం పెద్ద మాటలతో మరుసటి ఏడాది మళ్ళీ వస్తాయి.

మొదటి ఏడాది నేను ఈ విభజన చేయకుండా, మిగిలిన తొమ్మిది అధ్యాయాలనూ చివరి రెండు వారాల్లో పూర్తిచేయించాను. పుస్తకం అయితే పూర్తయింది గాని, సెలవుల తరవాత ఆ తొమ్మిదింటిలో ఒక్క లెక్క కూడా మా పిల్లవాడికి గుర్తులేదు. ఇందులో వింత ఏమీ లేదు. మరిచిపోవడం మొదట వేగంగా జరిగి తరవాత నెమ్మదిస్తుందనీ, ఒకేసారి కుక్కి చదవడం కంటే రోజుల మీద పరిచి చదవడానికి తక్కువ శ్రమ పడుతుందనీ హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త తనమీద తానే ప్రయోగాలు చేసుకొని 1885లోనే ప్రచురించాడు. అందువల్ల మిగిలిన ఆరు వారాల్లో కొత్త పాఠాలను మొదటి మూడు వారాలకే పరిమితం చేసి, తక్కిన మూడు వారాలనూ ఏడాది పొడవునా చదివినవాటిని మళ్ళీ అడగడానికి కేటాయించడం మేలు.

ఇంటిచదువుకు సంబంధించిన నిబంధనలు దేశానికో తీరుగా, ఒకే దేశంలో రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. కొన్నిచోట్ల చదివిన రోజుల లెక్క చూపాలి, కొన్నిచోట్ల బయటివారి చేత మదింపు చేయించాలి, కొన్నిచోట్ల అసలు ఏమీ అడగరు. మీ ప్రాంతంలో ఏది అడుగుతారో, ఏ తేదీలోగా అడుగుతారో ఆ కాగితం మీద పైభాగాన రాసుకోండి. ఆ తేదీని జరపడం మన చేతిలో ఉండదు, మిగిలినవన్నీ జరపవచ్చు.

ఇక కుడివైపు లెక్క. అల్లికలో మనల్ని మోసగించేది మన ఉత్సాహమే కాబట్టి, దాన్ని అంకెలతో కట్టడి చేయాలి. అల్లబోయే ఊలుతో, అల్లబోయే సూదులతో 15 సెంటీమీటర్ల చదరపు ముక్క ఒకటి అల్లి, తడిపి ఆరబెట్టి, దాని మధ్యభాగంలో 10 సెంటీమీటర్లకు అడ్డంగా ఎన్ని కుట్లు, నిలువుగా ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కించండి. దీన్నే గేజ్ అంటారు. మాటవరసకు 22 కుట్లు, 30 వరుసలు వచ్చాయనుకుందాం. తల చుట్టుకొలత 54 సెంటీమీటర్లు ఉన్న మనిషికి టోపీ కావాలంటే, అది సాగి తలను పట్టుకొని ఉండాలి కాబట్టి నాలుగు సెంటీమీటర్లు తగ్గించి 50గా తీసుకోవాలి. 50ని 2.2తో గుణిస్తే 110 కుట్లు వస్తాయి. టోపీ నెత్తిభాగాన్ని ఎనిమిది పాయలుగా తగ్గిస్తూ మూస్తే అందంగా ఉంటుంది కాబట్టి ఎనిమిదితో భాగింపబడే దగ్గరి సంఖ్య అయిన 112 వేసుకోవాలి. రెండు నిట్ (సూటి కుట్లు), రెండు పర్ల్ (తిరగ కుట్లు) చొప్పున మార్చి మార్చి అల్లే సాగే అంచుకు, అంటే రిబ్‌కు కూడా ఆ సంఖ్య సరిపోతుంది.

గుండ్రంగా ఒక చుట్టు అల్లితే ఒక వలయం. ఈ టోపీకి నిటారు భాగం 38 వలయాలు, నెత్తిభాగం 26 వలయాలు అనుకుంటే మొత్తం సుమారు 5,800 కుట్లు అవుతాయి. నిమిషానికి 20 కుట్లు వేసేవారికి అది దాదాపు ఐదు గంటల పని. అదే గేజ్‌తో 40 కుట్ల వెడల్పు, 150 సెంటీమీటర్ల పొడవు ఉండే మఫ్లర్‌కు 450 వరుసలు, అంటే 18,000 కుట్లు, అంటే 15 గంటలు పడుతుంది. మఫ్లర్ సులువు, టోపీ కష్టం అనుకొని అందరికీ మఫ్లర్లే మొదలుపెట్టేవారు ఈ మూడు రెట్ల తేడాను గమనించరు. మీ వేగం తెలియకపోతే గడియారం పెట్టుకొని ఐదు నిమిషాలు అల్లి చూడండి, వచ్చిన సంఖ్యలో కొంత తగ్గించి రాసుకోండి, ఎందుకంటే పక్కన పిల్లవాడు ఉన్నప్పుడు ఆ వేగం నిలవదు. రోజుకు ముప్పావు గంట, వారానికి ఐదు రోజులు దొరికితే ఆరు వారాలకు ఇరవై రెండున్నర గంటలు వస్తాయి. మూడు టోపీలకు పదిహేను గంటలు పోగా మిగిలే ఏడున్నర గంటలను ఉతకడానికీ, తప్పులు విప్పి మళ్ళీ అల్లడానికీ అట్టేపెట్టుకోవాలి. పెద్దవారి స్వెటర్‌ను ఈ ఆరు వారాల్లో తలపెట్టవద్దు.

ఎవరికి ఏ ఊలు అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. విడిగా చేత్తో ఉతికే ఓపిక లేనివారికి మెషీన్‌లో ఉతకగల సూపర్‌వాష్ ఊలో అక్రిలిక్ కలిసిన దారమో వాడండి. చంటిపిల్లలకు అల్లేవాటిలో నూగు రాలే మొహైర్ వంటి దారాలు, కుచ్చులు, గుండీలు వద్దు, ఎందుకంటే అవి నేరుగా నోట్లోకి వెళ్తాయి. మధ్యస్థమైన డీకే మందం దారంతో టోపీకి 100 గ్రాముల ఉండ ఒకటి సరిపోతుంది. ఒకే వస్తువుకు రెండు ఉండలు కావలసివస్తే, చీటీ మీద ఉండే రంగు బ్యాచ్ నంబర్ రెండింటికీ ఒకటేనా అని చూడండి. దీపం వెలుగులో ఒకేలా కనిపించే రెండు బ్యాచ్‌లు పగటి వెలుతురులో అడ్డగీతలా విడిపోతాయి.

ఏ పాఠం పక్కన ఏ అల్లిక

అసలైన కిటుకు ఇక్కడే ఉంది. పాఠాలన్నీ ఒక్కలాంటివి కానట్టే అల్లికలోని భాగాలు కూడా ఒక్కలాంటివి కావు, కనుక మనసు పెట్టవలసిన పాఠం పక్కన మనసు అక్కరలేని అల్లికే ఉండాలి.

పిల్లలు పుస్తకాన్ని బిగ్గరగా చదివేటప్పుడూ, చదివినదాన్ని సొంత మాటల్లో చెప్పేటప్పుడూ టోపీ మధ్యభాగంలోని నిట్ వలయాలు సరిగ్గా సరిపోతాయి, ఎందుకంటే అక్కడ వేళ్ళు చూపుతో పనిలేకుండా సాగుతాయి. ఉక్తలేఖనానికి ఇంకా బాగా సరిపోతాయి. వాక్యం చెప్పి, పిల్లలు రాసేవరకు అల్లుకుంటూ ఉంటే, చేతిలో పని లేనప్పుడు చేసినట్టుగా తరవాతి వాక్యంతో వాళ్ళను తొందరపెట్టము. పునశ్చరణ ప్రశ్నల దగ్గర నేను ఒక నియమం పెట్టుకున్నాను: ప్రశ్న అడిగిన తరవాత పది కుట్లు పూర్తయ్యేదాకా నోరు మెదపకూడదు. పది కుట్లంటే నా వేగానికి అర నిమిషం. ఆ అర నిమిషం మౌనంలో పిల్లవాడు తనంతట తాను గుర్తుతెచ్చుకున్న జవాబులు ఎన్నో ఉన్నాయి. అంతకుముందు నేను ఐదో సెకనుకే జవాబును నోటికి అందించేదాన్నని అప్పుడే తెలిసింది.

కొత్త లెక్క చెప్పేటప్పుడు, చేతిరాత దిద్దేటప్పుడు, సైన్సు ప్రయోగం చేసేటప్పుడు అల్లిక ఒడిలో కూడా ఉండకూడదు, సంచిలోకి వెళ్ళిపోవాలి. సాక్సు మడమ మలుపు, జడపాయల డిజైన్, టోపీ నెత్తి మీద కుట్లు తగ్గించే భాగం, ఇవన్నీ పిల్లలు నిద్రపోయిన తరవాతి పనులు. "వింటున్నావా అమ్మా?" అన్న ప్రశ్న ఒక్కసారి వినబడినా సూదులు కింద పెట్టి ముఖంలోకి చూడాలి. వరుస పూర్తయ్యేదాకా ఆగమనడం అల్లేవారందరికీ ఉన్న అలవాటే అయినా, చదువు వేళల్లో దాన్ని మానుకోవాలి. ఎక్కడ ఆగినా ఇబ్బంది లేకుండా ఉండాలంటే రెండు విడి సూదుల కంటే మధ్యలో తీగ ఉన్న సర్క్యులర్ సూది మేలు. హఠాత్తుగా వదిలేసినా కుట్లు తీగ మీదికి జారి భద్రంగా ఉంటాయి, గుండ్రంగా అల్లేవాటిలో ఏ వైపు తిరగాలన్న సందేహం కూడా రాదు. వలయం మొదలయ్యే చోట మార్కర్ రింగు ఒకటి తగిలించి, ఎన్నో వలయమో పాఠాల నోటుపుస్తకం అంచునే గీతలు పెట్టుకుంటూ వెళ్ళవచ్చు.

ముదురు నీలం, నలుపు దారాలను మాత్రం ఈ వేళలకు తీసుకోవద్దు. వాటిలో కుట్టు జారిపోతే వెతకడానికి కళ్ళన్నీ అక్కడే పెట్టవలసివస్తుంది.

పిల్లల చేతికి సూదులు ఇస్తే

అమ్మ అల్లుతుంటే పక్కన కూర్చున్న పిల్లలు తామూ అల్లుతామని అడగడం సహజం. ఏడేళ్ళు దాటినవారికి 5 మిల్లీమీటర్ల చెక్కసూదులు, కొంచెం మందమైన లేతరంగు ఊలు ఇచ్చి, 20 కుట్లు మీరే ఎక్కించి, ప్రతి వరుసా నిట్ కుట్టుతోనే అల్లించండి. లోహపు సూదుల మీద కుట్లు తొందరగా జారిపోతాయి. మొదటివారం తరచుగా వచ్చే చిక్కు ఏమిటంటే, 20 కుట్లు తెలియకుండానే 24 అవుతాయి. వరుస మొదట్లో దారం సూది మీదుగా వెనక్కి పడితే మొదటి కుట్టు రెండు కాళ్ళతో పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తుంది, పిల్లలు దాన్ని రెండుసార్లు అల్లేస్తారు. వరుస మొదలుపెట్టేముందు దారాన్ని కిందికి లాగి పట్టుకోవడం నేర్పి, ప్రతి వరుస చివరా లెక్క పెట్టించండి. జారిన కుట్టును క్రోషా సూదితో మెట్లు ఎక్కించినట్టు పైకి తెచ్చే పద్ధతి చూపిస్తే, తప్పును సరిదిద్దడం మీద వాళ్ళకు అల్లడం కంటే ఎక్కువ ఇష్టం పుడుతుంది.

పదేళ్ళు దాటినవారికి గేజ్ లెక్కే ఏడాది చివరి గణిత పరీక్ష కావచ్చు. తాతయ్య తలకొలత టేపుతో తీసుకొచ్చి, దాని నుంచి కుట్ల సంఖ్య కట్టి, ఎనిమిదితో భాగింపబడేలా సవరించి, ఎన్ని గంటలు పడుతుందో చెప్పమనండి. నిష్పత్తి, దశాంశాలు, సవరింపు, సగటు అన్నీ అందులో వస్తాయి, తప్పు చేస్తే టోపీయే చెబుతుంది. రంగుల చారలు కావాలంటే ముందున్న రెండు సంఖ్యలను కూడి తరవాతిది రాబట్టే ఫిబొనాచి వరుస, అంటే 1, 1, 2, 3, 5, 8 వాడి చూడవచ్చు. గుండ్రంగా అల్లే టోపీకి అది ఉన్నది ఉన్నట్టుగా పనికివస్తుంది. రెండు వైపులా తిప్పి అల్లే మఫ్లర్‌లో మాత్రం బేసి సంఖ్య దగ్గర దారం అవతలి అంచున ఉండిపోతుంది కాబట్టి అన్నింటినీ రెట్టింపు చేసి 2, 2, 4, 6, 10, 16 అల్లించాలి. ఎందుకు రెట్టింపు చేయాలో మీరు చెప్పకుండా, దారం అవతల చిక్కుకుపోయినప్పుడు వాళ్ళనే కనుక్కోనిస్తే బాగుంటుంది. ఈ గంటలను చదువు రికార్డులో గణితం కింద, చేతిపని కింద రాసుకోవడానికి వెనకాడనక్కరలేదు.

దారపు కొసలు, కాగితపు కొసలు

చారల మఫ్లర్ ఒకటి అల్లి, రంగు మారిన ప్రతిచోటా వేలాడే కొసలను చివర్లో చూసుకుందామని వదిలేసి, ఇవ్వవలసిన రోజు ముందు రాత్రి 34 కొసలను ఒక్కొక్కటిగా లోపలికి కుట్టుకుంటూ కూర్చున్నాను. అప్పటినుంచి కొసలను ఏ రోజువి ఆ రోజే కుట్టేస్తున్నాను. ఒక్కో కొస 15 సెంటీమీటర్లకు తగ్గకుండా కత్తిరించి, మొద్దుమొన సూదితో ఒక వైపు కొంతదూరం, తిరిగి వ్యతిరేక దిశలో కొంతదూరం కుడితే ఉతికినా బయటికి రాదు.

ఏడాది చదువు కాగితాలకు కూడా ఇదే పద్ధతి పెట్టుకోవాలి. ఒక్కో విషయానికి ఏడాది మొదట్లోది ఒకటి, మధ్యలోది ఒకటి, చివరిది ఒకటి చొప్పున మూడు నమూనాలు తీసి, తేదీ వేసి ఫైల్‌లో పెట్టండి. అన్నీ నూటికి నూరు వచ్చిన కాగితాలే ఏరి పెట్టాలన్న కోరిక కలుగుతుంది గాని, మొదటి కాగితంలో కొట్టివేతలు ఉంటేనే చివరి కాగితానికి అర్థం ఉంటుంది. నాలుగో కాగితాన్ని పిల్లలనే ఎంచుకోనివ్వండి, వాళ్ళు ఎంచుకునేది మనం ఊహించినది కాదు. చేసిన వస్తువులకు ఫోటోలు, చదివిన పుస్తకాల జాబితా, ఒక్కో విషయం గురించి ఒక పేజీకి మించని మీ మాటలు కలిస్తే ఫైల్ పూర్తవుతుంది. ఆ పేజీలో ఏది వచ్చిందో రాయడంతోపాటు ఎక్కడ తడబడ్డారో కూడా రాయండి, వచ్చే ఏడాది మీరే దాన్ని వెతుక్కుంటారు. వారానికి ఒక విషయం చొప్పున రాస్తే ఇది భారం కాదు. సెలవులు మొదలయ్యాక రాద్దామనుకుంటే ఎక్కడ తడబడ్డారన్నదే ముందుగా మరపున పడుతుంది.

చివరి వారం

మఫ్లర్ వంటివాటికి చివరి వరుసలో కుట్లు మూసేటప్పుడు, పని అయిపోవస్తోందన్న ఆత్రంలో దారాన్ని బిగించి లాగుతాం. అలా మూసిన అంచు లోపలికి ముడుచుకుపోతుంది, స్వెటర్ మెడ అయితే తలలోంచి దూరదు. 4 మిల్లీమీటర్ల సూదులతో అల్లినదాన్ని 5 మిల్లీమీటర్ల సూదితో మూస్తే ఈ బెడద ఉండదు. కిందినుంచి పైకి అల్లే టోపీకి తలను పట్టే అంచు కుట్లు ఎక్కించిన అంచే కాబట్టి, అక్కడ వదులు మొదటి రోజే చూసుకోవాలి. నెత్తిన మిగిలిన ఎనిమిది కుట్లలోంచి దారం రెండుసార్లు దూర్చి బిగిస్తే చాలు.

అల్లడం అయిపోగానే ఇచ్చేయవద్దు. గోరువెచ్చని నీటిలో ఊలుకు పనికివచ్చే సబ్బు కొద్దిగా కలిపి, వస్తువును ఇరవై నిమిషాలు కదపకుండా నాననివ్వండి. రుద్దకూడదు, పిండకూడదు, వేడినీటి నుంచి చన్నీటికి మార్చకూడదు. ఊలు పోగుల మీద సన్నటి పొలుసులు ఉంటాయి, వేడికీ రాపిడికీ అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని బట్ట గట్టిపడి కుంచించుకుపోతుంది, దాన్ని మళ్ళీ సాగదీయడం కుదరదు. మా తమ్ముడికని అల్లిన టోపీ ఆ విధంగా బొమ్మ తలకు చేరింది. నానిన వస్తువును తువాలులో చుట్టి ఒత్తి నీరు తీసి, కొలత ప్రకారం సర్ది, బల్లపరుపుగా నీడలో ఆరబెట్టాలి. రిబ్ భాగాన్ని సాగదీసి ఆరబెడితే దాని పట్టు పోతుంది. అక్రిలిక్ మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనించవద్దు. మందమైనవి ఆరడానికి రెండు రోజులు పట్టవచ్చు కాబట్టి, ఇవ్వదలచిన రోజుకు మూడు రోజుల ముందే అల్లిక ముగియాలి. కాగితం మీద గీసుకున్న ఆరు వారాలు నిజానికి ఐదున్నరే అని ఇక్కడ అర్థమవుతుంది.

చివరి పాఠం రోజు, అల్లినవి ఇచ్చే రోజు ఒకటే అయితే రెండింటికీ నిండుదనం వస్తుంది. ఇంట్లోవాళ్ళను పిలిచి, పిల్లల చేత ఫైల్‌లోంచి తాము ఎంచుకున్న కాగితం గురించి ఐదు నిమిషాలు మాట్లాడించండి. అంతకుమించి సాగదీస్తే అది పరీక్ష అవుతుంది. టోపీకి కట్టే చీటీ కూడా వాళ్ళ చేతిరాతతోనే ఉండాలి: ఏ దారం, ఎలా ఉతకాలి, ఎవరు అల్లారు, లెక్క ఎవరు కట్టారు.

మిగిలిపోయినవాటిని దాచడం

ఎంత లెక్క వేసినా ఒక సాక్సు, ఒక పుస్తకం మిగిలిపోతాయి. సాక్సును సూదుల మీదే వదిలేస్తే సెలవుల్లో ఆ సూదులు మరోదానికి అవసరమై ఎవరో లాగేస్తారు. కుట్లన్నింటినీ వేరే రంగు నూలుదారం మీదికి ఎక్కించి, కొసలు ముడివేసి పెట్టండి. బట్టల చిమ్మెట పిల్లపురుగులు ఊలులోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ను తింటాయి, చెమట, మరకలు అంటిన ఊలంటే వాటికి మరీ ఇష్టం. అందుకని వాడిన ఊలు బట్టలను ఉతికి పూర్తిగా ఆరాకే గాలి చొరని సంచిలో పెట్టాలి, మిగిలిన ఉండలను కూడా అదే విధంగా దాచాలి.

సంచిలో ఒక చీటీ వేయండి: సూది కొలత, గేజ్, ఆగిన వరుస నంబర్, తరవాతి వరుసలో చేయవలసిన పని. ఆగిపోయిన పుస్తకంలో కూడా అలాంటిదే ఒకటి పెట్టండి: ఏ పేజీ, ఏ లెక్క దగ్గర ఆగారు, ఆ రోజు పిల్లవాడు ఏమని అడిగాడు, మీరు ఏమి చెప్పి చూశారు. రెండు చీటీల మీదా తేదీ వేయడం మరవవద్దు.